తూకం గుడ్డ

“అక్కా, నువ్వు చెప్పాల్సింది ఒకే ఒక్క మాట. నర్సు సరిగ్గా తూచలేదు అను, కూర్చో. మిగతాది నేను చూసుకుంటా.”

తమ్ముడు ఆ మాట అనడం పొద్దుటి నుంచి ఎన్నోసారో. ఇస్త్రీ అత్త చేతిలో ఉన్న చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టెను అటూ ఇటూ నడుపుతూనే ఉంది. కాలరులో ముడత మాయమై చాలాసేపయింది. ఇంకాస్త రుద్దితే కాలరే మాయమయ్యేలా ఉంది.

వీధి వైపు గదే ఆమె దుకాణం. గోడ వారగా బల్ల, బల్ల మీద మడతపెట్టి పరిచిన పాత దుప్పటి, మూలన ఎవరింటివి వాళ్ళ పేరుతో బట్టల మూటలు. మొగుడు పోయిన దగ్గర నుంచి ఆ బల్ల ముందే నిలబడి కొడుకును పెంచింది. అందుకే వీధిలో పెద్దలకీ పిల్లలకీ కూడా ఆమె ఇస్త్రీ అత్తే. నిజంగా అత్త అయింది మాత్రం మొన్న మొన్న కోడలు వచ్చాకనే.

తమ్ముడు ఆ వార్డుకి కౌన్సిలరు. సమావేశంలో మైకు చేతికొస్తే లాక్కుంటే తప్ప ఇవ్వడు కాబట్టి ఊరంతా అతన్ని మైకు అంటుంది. ఎదురుగా కాదు లెండి. ఎదురుగా అనగలిగింది అక్క ఒక్కతే, ఆమె కూడా ఈ నాలుగు రోజులుగా అనడం మానేసింది.

“మాట్లాడవేంటమ్మా?” అన్నాడు కొడుకు.

అతను బస్సు డ్రైవరు. ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకోకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. బిడ్డ ఆసుపత్రిలో చేరిన దగ్గర నుంచి అతనికి డిపో, ఆసుపత్రి తప్ప ఇల్లు లేదు. కళ్ళు రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి.

“ఏం మాట్లాడనురా?”

“వచ్చినప్పుడల్లా తూచింది. పెరిగింది, బాగుంది అని చెప్పి పోయింది. ఆసుపత్రిలో తూస్తే ఏముంది? పుట్టినప్పటి మీద పెరిగిందే లేదు. డాక్టరు నా మొహం మీదే అడిగాడు, బిడ్డకి తిండి పెట్టడం లేదా అని. నేను తల ఎక్కడ పెట్టుకోవాలి?”

“తూచకుండానే రాసుకుని ఉంటుంది,” అన్నాడు తమ్ముడు. “ఆఫీసులో కూర్చుని అంకెలు వేసేవాళ్ళు ఎంతమంది లేరు.”

“తూచింది. నేను చూశాను,” అంది ఇస్త్రీ అత్త.

“తూచితే మరి ఆ బరువు ఎక్కడికి పోయిందమ్మా?”

ఆమె ఇస్త్రీపెట్టెను నిలబెట్టి చొక్కా మడతపెట్టింది. మడత కుదరలేదు. విప్పి మళ్ళీ పెట్టింది.

తమ్ముడు గొంతు తగ్గించాడు. మైకు లేనప్పుడు అతను మంచివాడే. “అక్కా, విను. మధ్యాహ్నం సమావేశంలో మందుల షాపాయన తీర్మానం పెడుతున్నాడు. తొలి కాన్పు ఇళ్ళకి నర్సును పంపడం దండగ, ఆపేద్దాం అంటాడు. ఈ పథకం కోసం నేనెంత గొంతు చించుకున్నానో నీకు తెలుసు. ఇప్పుడు సొంత మేనల్లుడి బిడ్డే ఇలా అయితే నన్నెవరు నమ్ముతారు? తప్పు నర్సు ఒక్కతిదే అని తేలితే ఆమెను తీసేసి ఇంకొకర్ని పెడతాం. పథకం బతుకుతుంది. వేలు కుళ్ళితే వేలు తీసేస్తాం గానీ మనిషిని చంపుకుంటామా?”

“ఆ వేలుకి ఇల్లూ వాకిలీ ఉన్నాయి కదరా.”

“ఉంటే?”

“ఏం లేదు.”

కొడుకు విసురుగా కదిలాడు. “ఆమె ఇంటి గురించి నీకెందుకమ్మా? మన ఇంట్లో బిడ్డ ఏడవడానికి కూడా ఓపిక లేక పడుంది. నువ్వు ఆ నర్సును వెనకేసుకొస్తున్నావు. నాకేం అర్థం కావడం లేదు.”

నీకు అర్థం కాకపోవడమే మంచిది నాయనా, అనుకుంది ఇస్త్రీ అత్త. పైకి మాత్రం, “వస్తాలే. ముందు కోడలికి అన్నం పట్టుకెళ్ళనీ,” అంది.

వాళ్ళిద్దరూ వెళ్ళాక వీధి తలుపు దగ్గరగా వేసింది. బట్టల మూటల్లో అన్నిటికంటే కింది మూట విప్పింది. పక్కవీధి వాళ్ళ దుప్పట్ల మధ్య నుంచి లేత పసుపురంగు గుడ్డ ఒకటి బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

నర్సమ్మ పని చేసే పద్ధతి ఒకటుంది. కొక్కెం ఉన్న త్రాసును గుమ్మం పైకమ్మికి తగిలిస్తుంది. బిడ్డను ఉయ్యాలలా గుడ్డలో పడుకోబెట్టి ఆ కొక్కేనికి వేస్తుంది. ఒక ఇంటి గుడ్డ ఇంకో ఇంటికి వాడదు, ఒకరి జలుబు ఇంకొకరికి అంటుతుందని. ఏ ఇంటి గుడ్డ ఆ ఇంట్లోనే ఉంటుంది. మొదటి రోజే ఆ గుడ్డను ఒట్టిగా తూచి ఆ బరువు రాసుకుంటుంది. తర్వాత ఎప్పుడు తూచినా మొత్తంలోంచి ఆ గుడ్డ బరువు తీసేస్తుంది. మిగిలింది బిడ్డ.

మొదట్లో ఒకసారి తూచి, “అమ్మాయ్, బరువు పెరగలేదు,” అంది నర్సమ్మ. “పాలు చాలడం లేదేమో. కొన్నాళ్ళు డబ్బా పాలు కూడా పడదాం. మళ్ళీ వచ్చేసరికి పెరగకపోతే మాత్రం ఇద్దర్నీ ఆసుపత్రిలో చేర్చాలి.”

“మా ఇంట్లో డబ్బా పాలు తాగిన బిడ్డ లేదు,” అంది ఇస్త్రీ అత్త ఠక్కున. “నా కొడుకుని నేను పెంచలేదా? నాకు తెలీదా?”

ఆ రోజు కోడలు గోడవైపు తిరిగి ఏడుస్తూనే ఉంది. తిండి లేదు, నిద్ర లేదు. తల్లి లేని పిల్ల, మేనత్త చేతిలో మాటలు పడి పెరిగిన పిల్ల. ఆ ఏడుపు చూడలేకపోయింది ఇస్త్రీ అత్త. అందులో జాలి ఎంతో, ఇస్త్రీ అత్త మనవరాలు ఎండిపోతోందట అని వీధి అనుకుంటుందన్న భయం ఎంతో, విడదీసి చెప్పమంటే ఆమె చెప్పలేదు. ఆ రెండూ కలిసే సూదిలో దారం ఎక్కించాయి. అదే రంగు గుడ్డ తెచ్చి, లోపల తువ్వాలు పొర ఒకటి పెట్టి, కుట్టు కనపడకుండా కుట్టింది. బట్టలతో బతికే మనిషి, పై నుంచి చూస్తే ఏ కంటికీ తేడా తెలియకుండా ఎలా చెయ్యాలో ఆమెకు ఒకరు నేర్పాలా?

ఈ ఒక్కసారికే అనుకుంది. మళ్ళీసారికి బిడ్డ ఎలాగూ ఒళ్ళు చేస్తుంది, అప్పుడు పాత గుడ్డ పెట్టేస్తే సరి అనుకుంది. బిడ్డ ఒళ్ళు చెయ్యలేదు. రెండో పొర వేయాల్సి వచ్చింది, ఆ తర్వాత మూడోది. బిడ్డ పెరగాల్సిన చోట గుడ్డ పెరిగింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

గుడ్డను మళ్ళీ మూట అడుగుకు తోసి, అన్నం డబ్బా తీసుకుని బయల్దేరింది.

*

పిల్లల వార్డులో కిటికీ పక్క మంచం. మంచం నిండా తెల్ల దుప్పటి, దాని మధ్య ఎక్కడో బిడ్డ. ముక్కులో సన్నటి గొట్టం. ఆ గొట్టంలోంచి పాలు చుక్కచుక్కగా దిగుతున్నాయి. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి గానీ దేన్నీ చూడడం లేదు.

కోడలు స్టూలు మీద కూర్చుని గొట్టంకేసి చూస్తోంది. అత్తను చూసి లేవబోయింది.

“కూర్చో. తిను,” అంది ఇస్త్రీ అత్త డబ్బా మూత తీసి.

“తింటా.”

“నిన్నా అలాగే అన్నావు. పెట్టింది పెట్టినట్టే ఇంటికి తిరిగొచ్చింది.”

కోడలు డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. చెయ్యి పెట్టలేదు. పక్క మంచం దగ్గర ఒక తాత మనవడికి కథ చెబుతున్నాడు. వాడు మధ్యమధ్యలో ఆపి, రాజు అలా ఎందుకు చేశాడు, తప్పు కదా అని నిలదీస్తున్నాడు. తాత నీళ్ళు నములుతున్నాడు.

“డాక్టరు ఏమన్నాడు?”

“ఇంకా ఏమీ చెప్పలేమన్నారు.”

“మళ్ళీ అదేనా?”

“అదే.”

బిడ్డ కాలివేళ్ళు దుప్పటి కింద నుంచి బయటికి వచ్చాయి. ఇస్త్రీ అత్త వాటిని కప్పబోయింది. కోడలు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

“అత్తయ్యా, ఆ గుడ్డ ఏం చేశారు?”

“ఏ గుడ్డ?”

తేలు కుట్టిన దొంగ అంతకంటే ఏమంటాడు.

“పొరలు పెట్టి కుట్టిన గుడ్డ.”

ఇస్త్రీ అత్త మంచం అంచున కూలబడింది. ఆ పిల్ల గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది. కోపానికైతే ఎదురు చెప్పవచ్చు, లేదా కాళ్ళు పట్టుకోవచ్చు.

“నీకెప్పటి నుంచి తెలుసు?”

“మీరు కుట్టిన రోజే. పసుపు దారం నా పెట్టెలోదే కదా.”

“మరి నన్ను అడగలేదేం? మీ ఆయనతోనైనా చెప్పలేదేం?”

కోడలు డబ్బా మూత మెల్లగా పెట్టేసింది.

“నర్సమ్మ తూచి, పెరిగింది అనేది. ఆ మాట వినడానికి బాగుండేది. అబద్ధమని తెలిసి కూడా బాగుండేది అత్తయ్యా. ఆ పూట ఆయన నవ్వుతూ ఇంటికొచ్చేవారు. మీరు నన్ను కూర్చోబెట్టి తల దువ్వేవారు. పెరగలేదన్న రోజున నన్ను ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఎవరూ నా మొహం చూడలేదు.”

“నేను నీ కోసమే చేశానే తల్లీ. నువ్వు అలా ఏడుస్తుంటే...”

“తెలుసు. మీరు నా కోసమే చేశారు. నేనూ నా కోసమే ఊరుకున్నాను.” బిడ్డవైపు చూసింది. “దాని కోసం ఎవరూ ఏమీ చెయ్యలేదు.”

ఇస్త్రీ అత్త ఏడవలేదు. ఏడిస్తే ఆ పిల్ల తనను ఓదార్చాల్సి వస్తుంది, ఆ బరువు కూడా ఆ పిల్ల మీదే పెట్టాలా అనుకుని పళ్ళు బిగబట్టింది.

“మధ్యాహ్నం మామయ్య నన్ను సమావేశానికి రమ్మన్నాడు. నర్సమ్మ మీద చెప్పమని.”

“ఆయన చెప్పారు.”

“నేనేం చెయ్యను?”

“నన్నడక్కండి,” అంది కోడలు. డబ్బా పక్కన పెట్టి, “నర్సమ్మ మన ఇంటికొచ్చినప్పుడల్లా ముందు బిడ్డను చూసేది కాదు. నేను తిన్నానా అని అడిగేది. నన్ను అలా అడిగిన మనిషి ఇంకొకరు లేరు,” అంది.

అలా అడగనివాళ్ళలో తానూ ఉన్నానని ఇస్త్రీ అత్తకు అర్థమైంది.

*

మెట్లు దిగుతుంటే కింది మెట్టు మీద నర్సమ్మ కూర్చుని ఉంది. విచారణ తేలేదాకా పిల్లల వార్డు గడప తొక్కవద్దని ఆమెకు చెప్పారట. అందుకని మెట్ల దాకా వచ్చి ఆగిపోయింది. భుజాన సంచీ లేదు. సంచీ లేని నర్సమ్మను ఇస్త్రీ అత్త అదే చూడటం. ఎవరి పెళ్ళిలోనో ఎవరూ పలకరించని చుట్టంలా ఉంది.

“పాలు తీసుకుంటోందా?” అని అడిగింది నర్సమ్మ, లేచి నిలబడి.

“గొట్టంతో.”

“గొట్టమైనా సరే. లోపలికి పోతున్నాయి కదా.”

ఇస్త్రీ అత్త ఆ మెట్టు మీదే కూర్చుంది. ఇంటి సంగతి బయట పెట్టడం ఆమె పుట్టి బుద్ధెరిగి చెయ్యని పని. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందని వాళ్ళమ్మ రోజూ చెప్పేది. ఇవాళ కాళ్ళ మీద పడనీ అనుకుంది.

“నర్సమ్మా, నీకొక మాట చెప్పాలి. ఆ తూకం గుడ్డ ఉంది చూడు...”

“తెలుసమ్మా,” అంది నర్సమ్మ.

ఇస్త్రీ అత్త గిరుక్కున ఆమె వైపు తిరిగింది.

“చివరిసారి మీ ఇంటికొచ్చినప్పుడు గుడ్డ చేతిలోకి తీసుకోగానే తెలిసింది. అంతకుముందు కూడా ఏదో తేడాగా అనిపించింది, నాకే అలసటేమో అనుకున్నా. ఆ రోజు మాత్రం గట్టిగా తెలిసింది.”

“మరి అప్పుడే నా చెంప పగలగొట్టలేకపోయావా?”

“భయమేసింది.”

“నేనంటే భయమా?”

“మీరు తలుపు వేసేస్తారని. మా పనిలో ఇంట్లోవాళ్ళు వద్దంటే మేం మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళకూడదు. ఇదివరకు ఒక ఇంట్లో ఇలాగే మొహం మీద అడిగాను. మర్నాటి నుంచి తలుపు తియ్యలేదు. ఆ బిడ్డ ఏమైందో నాకిప్పటికీ తెలీదు. అందుకే ఈసారి ఊరుకున్నాను. మీరు దుకాణంలో పనిలో ఉండే పూట చూసి, చెప్పకుండా వద్దామనుకున్నాను. కోడలితో ఒంటరిగా మాట్లాడి, వేరే కొత్త గుడ్డతో తూచుదామని. రెండ్రోజులకే రావాల్సింది నేను.”

“రాలేదేం మరి?”

“పక్క వార్డు నర్సు మానేసింది. ఆమె చోట ఎవర్నీ వెయ్యలేదు. ఆ ఇళ్ళన్నీ కూడా నాకే అంటగట్టారు. రెండ్రోజులు కాస్తా మరుసటి వారమైంది. ఈలోగా...” నర్సమ్మ పైకి, వార్డు వైపు చూసింది. “కానీ ఆ అంకె నేనే రాశానమ్మా. తప్పని తెలిసీ, నా చేత్తోనే రాశాను. అది ఎవరి మీదా నెట్టలేను.”

రోగుల చుట్టాలు వాళ్ళను తప్పించుకుంటూ మెట్లెక్కుతున్నారు. ఇస్త్రీ అత్త మోకాలి మీది చీరను అరచేత్తో సాపు చేస్తూ కూర్చుంది.

“ఇవాళ అందరి ముందూ గుడ్డ సంగతి చెప్పేస్తా,” అంది చివరికి. “నీ తప్పు లేదని చెప్తా. నా కొడుకు నా మొహం చూడడు. చూడకపోనీ.”

“మీరు చెప్పాక నా వైపు తిరుగుతారు. నీకు తెలుసా అంటారు. తెలీదని నేను అనలేను.”

“అయితే చెప్పకూడదంటావా?”

నర్సమ్మ మళ్ళీ మెట్టు మీద కూర్చుంది. “మీరు చెప్పకపోతే నా ఒక్కదాని ఉద్యోగం పోతుంది. ఇంకొకరు వస్తారు, ఇళ్ళకి వెళ్ళడం ఆగదు. చెప్తే మొత్తానికే ఆపేస్తారేమో. ఇలాంటి మాట నా నోట రాకూడదు. ఏం చెయ్యను, రాత్రంతా అదే ఆలోచన.”

నిజం చెప్పాలని గుండె రాయి చేసుకుని వస్తే, ఆ నిజం కూడా ఎవరి గొంతో కోసేలా ఉంది. ఇస్త్రీ అత్తకు జీవితంలో మొదటిసారి ఏ సామెతా గుర్తు రాలేదు.

*

సమావేశం హాల్లో వెనక బల్లలు నిండిపోయాయి. చంటిపిల్లల్ని ఎత్తుకుని తల్లులు వచ్చి కూర్చున్నారు. ఎవరు పిలిచారో ఏమో, నర్సును ఆపవద్దని అడగడానికి వచ్చామన్నారు. ఇస్త్రీ అత్త పక్కన ఒక చిన్నపిల్ల కూర్చుంది. చిన్నపిల్లంటే ఆమె కూడా తల్లే. ఒళ్ళో దుప్పటి మూట, మూటలో నిద్రపోతున్న పసిగుడ్డు. బిడ్డ కదిలినప్పుడల్లా ఆ తల్లి ఉలిక్కిపడుతోంది.

నర్సమ్మ గోడ వారగా నిలబడి ఉంది. కొడుకు తలుపు దగ్గర.

మందుల షాపు సభ్యుడు ముందు మాట్లాడాడు. మన తల్లులు నర్సులొచ్చి నేర్పితేనే మనల్ని పెంచారా అన్నాడు. కొందరు నవ్వారు. తర్వాత తమ్ముడు మైకు అందుకున్నాడు. పథకం మంచిదే, మనిషే మంచిది కాదు అని అరగంట పాటు చెప్పి, “మా అక్క ఇక్కడే ఉంది. ఆమె నోటితోనే వినండి,” అన్నాడు.

ఇస్త్రీ అత్త లేచింది. మైకు తనకంటే ఎత్తుగా ఉంది. తమ్ముడే వచ్చి దాన్ని వంచి, భుజం తట్టి వెళ్ళాడు.

“నర్సమ్మ సరిగ్గానే తూచింది,” అంది ఆమె.

వెనక బల్లల్లో తలలన్నీ పైకి లేచాయి.

“గుడ్డలో పొరలు పెట్టి కుట్టింది నేను. బిడ్డ బరువు పెరిగినట్టు కనపడాలని. నా కోడలికి పాలు చాలడం లేదని నలుగురికీ తెలిస్తే పరువు పోతుందనుకున్నా. డబ్బా పాలు పట్టమని ఆమె చెప్పింది, నేనే పట్టనివ్వలేదు. నా బుద్ధి గడ్డి తింది. అంతే బాబూ.”

తలుపు వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. కొడుకు ఆమెకేసి చూడడం లేదు. నేలకేసి చూస్తున్నాడు. చిన్నప్పుడు పలక పగలగొట్టుకుని వచ్చి కూడా అలాగే నిలబడేవాడు. తర్వాత తిరిగి, తలుపు చప్పుడు చేయకుండా బయటికి వెళ్ళిపోయాడు.

తమ్ముడు కుర్చీలో బిగుసుకుపోయాడు. చైర్‌పర్సన్ గారు చదువు చెప్పి రిటైరైన మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మెత్తగానే అంది: “చెప్పడం తేలిక కాదమ్మా, చెప్పావు. తప్పు ఇంట్లోదని తేలింది కదా, ఇక నర్సు మీద విచారణ అవసరం లేదు. పథకం కొనసాగించాలన్నవాళ్ళు చేతులెత్తండి.”

“ఒక్క నిమిషం,” అన్నాడు మందుల షాపు సభ్యుడు. “అమ్మా, అంత అనుభవం ఉన్న నర్సు గుడ్డ చేత్తో పట్టుకుంది కదా. ఆమెకి తెలీలేదా?”

“తెలీలేదు బాబూ,” అంది ఇస్త్రీ అత్త. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. “తెలీకుండా కుట్టడం నాకొచ్చు.”

చేతులు లేవడం మొదలైంది. ఒకటి, ఇంకొకటి. తమ్ముడు కూడా ఎటో చూస్తూ చెయ్యెత్తాడు. వెనక బల్లల్లో తల్లులు బిడ్డల్ని సర్దుకుంటూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు.

“నాకు తెలుసండీ,” అంది నర్సమ్మ గోడ దగ్గర నుంచి.

మైకు లేదు. అయినా అందరికీ వినపడింది.

“తెలిసీ రాశాను. రెండ్రోజుల్లో మళ్ళీ వెళ్ళి సరిచేద్దామనుకున్నాను. రెండు వార్డులకీ నేనొక్కదాన్నే, వెళ్ళలేకపోయాను. రెండో నర్సును వెయ్యమని ఎన్నిసార్లో అడిగాను. నన్ను తీసేసినా సరే, ఆ మాట కూడా రాసుకోండి.”

ఎందుకు చెప్పావమ్మా, నేను దాచాను కదా, అని ఇస్త్రీ అత్త లోపల్లోపల మొత్తుకుంది. నర్సమ్మ ఆమె వైపు చూడలేదు. తల్లుల వైపు చూస్తోంది.

ఎత్తిన చేతులు దిగిపోయాయి. ఏది ముందు దిగిందో తెలియదు గానీ తమ్ముడిది మాత్రం చివరిది కాదు. అందరూ ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టారు. తెలిసి కూడా తప్పుడు అంకె రాస్తే ఇంకే అంకెను నమ్మాలి అన్నారొకరు. చైర్‌పర్సన్ గారు బల్ల మీద కొట్టి కొట్టి, చివరికి విచారణ పూర్తయ్యేదాకా ఇళ్ళకి నర్సును పంపడం ఆపేస్తున్నామని ప్రకటించింది. రేపటి నుంచే. ఎంతకాలమో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

తల్లులు ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. నర్సమ్మ ఎప్పుడు వెళ్ళిందో కనపడలేదు. తమ్ముడు అక్క ముందు నుంచే నడిచి వెళ్ళాడు, పక్కింటి మనిషి వెళ్ళినట్టు.

ఇస్త్రీ అత్త మైకు దగ్గర నుంచి వచ్చి తన చోటే మళ్ళీ కూర్చుంది. పక్కన ఆ చిన్నపిల్ల కూడా ఇంకా కూర్చునే ఉంది. ఇందాక అక్కడ ఏం జరిగిందో ఆమెకు సగమే అర్థమైనట్టుంది. ఒళ్ళో మూటను సర్దుకుంటూ ఇటు తిరిగింది.

“అయితే రేపు నర్సమ్మ మా ఇంటికి రారాండీ?”

“రాదమ్మా.”

“రేపే మొదటిసారి రావాలి. అడగాల్సినవన్నీ అనుకుని పెట్టుకున్నా.” ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరేమో, ఎదురుగా ఉన్న పెద్దావిణ్ణే అడిగింది. “మీరు పిల్లల్ని పెంచారు కదా. పాలు చాలుతున్నాయో లేదో ఎలా తెలుస్తుందండీ?”

దుప్పటి మూటలో బిడ్డ మొహం ఒక్కటే కనపడుతోంది. ఇస్త్రీ అత్త ఆ మొహంకేసి చాలాసేపు చూసింది.

“నాకు తెలీదమ్మా,” అంది.

ఆ పిల్ల, ఇంకేమైనా చెబుతుందేమోనని, ఆమె మొహంలోకే చూస్తూ కూర్చుంది.